మీ పాత్ర పేరుతో మా పిల్లల్ని పిలుస్తున్నారు: తెలుగు సినిమా, టీవీ రచయితలకు చెన్నై తల్లిదండ్రుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు సినిమా, టీవీ, వెబ్ సిరీస్ రచయితలకు, దర్శకులకు, వడపళని, సాలిగ్రామం డబ్బింగ్ థియేటర్లలో కూర్చుని తమిళ చిత్రాలకు తెలుగు మాటలు రాసేవారికి,

నమస్కారం.

మేం చెన్నైలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులం. మా పిల్లలకు నత్తి ఉంది. వాళ్ళను స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళి బయట బెంచీల మీద కూర్చునేటప్పుడు ఒకరికొకరం పరిచయమయ్యాం. మాలో తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్నవాళ్ళున్నారు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి పనుల కోసం వచ్చి పెరంబూరులోనో కొరుక్కుపేటలోనో స్థిరపడినవాళ్ళున్నారు. నేను అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తాను. అందరి తరఫునా రాసే పని నాకు అప్పగించారు.

విషయం ఇది. ఒక తెలుగు ఛానల్లో వారం వారం వచ్చే హాస్య కార్యక్రమంలో ఒక పాత్ర ఉంది. అతనికి ఇల్లు లేదు, ఉద్యోగం లేదు, ఫలానాది కావాలన్న కోరిక లేదు. ఉన్నదల్లా నత్తి. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఏదో ముఖ్యమైన సంగతి చెప్పబోయి మొదటి అక్షరం దగ్గర ఆగిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక తప్పు మాట అందిస్తారు. ఆఖరికి ఒకడు విసిగిపోయి చెంప మీద ఒక్కటి ఇస్తాడు. వెంటనే మాట గడగడా వచ్చేస్తుంది. అతనికో ఊతపదం కూడా పెట్టారు. ఆ ఊతపదాన్నీ, ఆ పాత్ర పేరునూ నేనిక్కడ రాయను. వాటిని ఇంకొకరికి నేర్పే పని ఈ లేఖ చేయకూడదు.

ఆ ముక్కలు కత్తిరించి రీల్స్‌గా, షార్ట్స్‌గా వదిలారు. ఇప్పుడు స్కూలు వ్యానులో, అపార్ట్‌మెంట్ మెట్ల మీద, ట్యూషన్‌లో మా పిల్లల్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

మేం ఛానల్‌కు ఈమెయిల్ పంపాం. మీ ఫిర్యాదు అందిందని యంత్రం పంపే జవాబు ఒకటి వచ్చింది. తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. దానికి ఏ జవాబూ లేదు. మాలో ఒకరు ఎలాగో ఆ కార్యక్రమం రాసేవారి నంబరు సంపాదించి మాట్లాడితే, "సరదాకి రాసిందండీ, ఎవరినీ ఉద్దేశించింది కాదు, మనసులో పెట్టుకోకండి" అన్నారట. మర్యాదగానే అన్నారు. ఆ తర్వాతి వారం కూడా ఆ పాత్ర వచ్చింది, చెంపదెబ్బ తింది. చెప్పుకునే చోట్లన్నీ అయిపోయాయి కాబట్టే ఇలా అందరి ఎదుటా రాస్తున్నాం.

ఎవరినీ ఉద్దేశించలేదంటే మేం నమ్ముతాం. కానీ కల్పించిన మనిషి కథలో ఉండిపోడు. ఇళ్ళలోకి వస్తాడు, బడికి వస్తాడు, నిజం మనుషుల మీద తన పేరు అతికించి పోతాడు. ఇది మీకు తెలియని సంగతి కాదు. మీ వృత్తి గొప్పతనం అంతా అందులోనే ఉంది.

గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కింది. పసిపిల్లల్ని ముసలివాళ్ళకు అమ్ముకునే ఆచారం మీద జనానికి ఏవగింపు పుట్టించడానికి రాసిన నాటకం అది. ఈనాటికీ ఆ నాటకం ఒక్క పేజీ చదవనివాళ్ళు కూడా కోతలరాయుణ్ని చూసి "వీడో గిరీశం" అంటారు. ప్రేమలో దెబ్బతిని గడ్డం పెంచుకున్న కుర్రాడు ఏ ఊరివాడైనా దేవదాసే. చాడీలు చెప్పే ఆడమనిషికి గూని లేకపోయినా ఆమె మంథరే. ఆ పాత్రలో వంగిన వీపునూ, వంకర బుద్ధినీ ఎప్పుడో ఒకచోట ముడివేశారు. ఆ ముడి ఇప్పటికీ విడలేదు.

సూర్యకాంతం గారి సంగతి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెర బయట ఆమె ఎంత మంచి మనిషో, షూటింగులకు వంటలు చేసి తెచ్చి ఎందరికి కొసరి కొసరి పెట్టేవారో ఆమెతో పనిచేసినవాళ్ళు చెబుతూ వచ్చారు. అయినా ఆమె వేసిన గయ్యాళి అత్త పాత్రల ధాటికి, కూతురికి సూర్యకాంతం అని పేరు పెట్టాలంటే జనం జంకారు. 1962లో గుండమ్మ కథ వచ్చాక గుండమ్మ అన్న పేరుకూ అదే జరిగింది. ఆమె మహానటి. ఆ కీర్తి ఆమెను కాపాడింది. మూడో తరగతి చదివే పిల్లవాడిని కాపాడటానికి ఏముంది?

మా నగరంలోనే ఇంకో రుజువుంది. మెరీనా ఒడ్డున కాలి అందె పట్టుకుని న్యాయం అడుగుతూ నిలబడిన కణ్ణగి విగ్రహం. సిలప్పదికారం అనే కావ్యంలోని నాయిక ఆమె. 1968లో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా ఆ విగ్రహాన్ని పెట్టారు. 2001 డిసెంబరులో తీసేస్తే పెద్ద ఆందోళన జరిగింది. 2006లో మళ్ళీ తెచ్చి నిలబెట్టారు. కావ్యంలోని ఒక స్త్రీ కోసం నిజం మనుషులు ఇన్నేళ్ళు పట్టుబట్టారు. అన్యాయం జరిగిన ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఆమె పేరే తలుచుకుంటారు.

దూరదేశాల మాటకొస్తే, 1966లో అమెరికాలో మొదలైన స్టార్ ట్రెక్ సీరియల్లో ఉహూరా అనే నల్లజాతి మహిళా అధికారి పాత్ర ఉంది. 1992లో అంతరిక్షంలోకి వెళ్ళిన మే జెమిసన్, ఆ ఘనత సాధించిన తొలి నల్లజాతి అమెరికన్ మహిళ, చిన్నతనంలో ఆ పాత్ర తనకు స్ఫూర్తినిచ్చిందని చెప్పారు. కల్పించిన ఒక పాత్ర ఒక ఆడపిల్లకు ఆకాశం చూపించగలిగినప్పుడు, ఇంకో పాత్ర ఒక మగపిల్లాడు క్లాసులో నోరు విప్పకుండా చేయగలదు. మొదటిది నిజమైతే రెండోదీ నిజమే.

ప్రభుత్వమూ ఈ మాట ఒప్పుకుంది. 2012 అక్టోబరు నుంచి సినిమాలో ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే తెర కింద హెచ్చరిక పడుతోంది. 2023లో ఓటీటీలకూ ఆ నిబంధన వచ్చింది. పాత్ర చేసే పనిని చూసి జనం నేర్చుకుంటారనే కదా ఆ హెచ్చరిక.

ఇక నత్తి గురించి. మీ స్క్రిప్టుల్లో కనబడేది అసలు నత్తి కాదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

నత్తి మామూలుగా రెండేళ్ళకూ ఆరేళ్ళకూ మధ్య మొదలవుతుంది. చిన్నపిల్లల్లో నూటికి సుమారు ఐదుగురికి ఏదో ఒక దశలో వస్తుంది. వాళ్ళలో చాలామందికి పోతుంది. పెద్దవాళ్ళలో నూటికి దాదాపు ఒకరికి మిగులుతుంది, అందులో మగవాళ్ళే ఎక్కువ. నాలుక మందంగా ఉండటం వల్ల వచ్చేది కాదు. భయపడ్డందువల్ల పుట్టేది కాదు. ఇంకొకరిని చూసి అంటుకునేదీ కాదు. మాటను నడిపించే మెదడు పనితీరులోని తేడా అది, చాలా కుటుంబాల్లో వంశంలో వస్తుంది. తెలివితేటలతో దానికి ఏ సంబంధమూ లేదు.

మీరు రాసే నత్తిలో "క... క... క..." అని అక్షరం తిరగడం ఒక్కటే ఉంటుంది. మా పిల్లల్ని ఎక్కువగా బాధపెట్టేది అది కాదు. శబ్దమే రాకుండా బిగుసుకుపోవడం. నోరు తెరుచుకుని ఉంటుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్ళు ఆర్పుతుంటారు, మాట మాత్రం గొంతు దాటదు. ఆ రెండు మూడు సెకన్లలో ఎదుటివాళ్ళు ఏం చేస్తారన్న దాని మీదే ఆ పిల్లవాడి రోజంతా ఆధారపడి ఉంటుంది. అన్నిటికన్నా కష్టం తన పేరు చెప్పడం. వేరే ఏ మాట ఆగినా దానికి బదులు ఇంకో మాట వేసి తప్పించుకోవచ్చు. పేరుకు బదులు వేసుకునే మాట ఉండదు. పాట పాడేటప్పుడు చాలామందికి నత్తి రాదన్నది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని మీరు "అయితే పాడి చెప్పరా" అనే జోకు తయారుచేశారు. మా ఇళ్ళకు వచ్చే చుట్టాలు పండగలకూ పేరంటాలకూ మా పిల్లల చేత అదే చేయిస్తారు. అందరి మధ్యలో నిలబెట్టి, ఏం కావాలో పాడి అడగమంటారు.

ఈ పాత్రల వల్ల మా ఇళ్ళలో ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. బడి. హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్ మిస్" అనాలి. మాలో ఒకరి అబ్బాయి ఆ రెండు మాటల కోసం ముందు రోజు రాత్రి అద్దం ముందు సాధన చేసి వెళ్ళేవాడు. క్లాసులో మాట బిగుసుకున్న క్షణానికి వెనక బెంచీ నుంచి మీ ఊతపదం వినబడేది. అందరూ నవ్వేవాళ్ళు. టీచరూ నవ్వును ఆపుకోలేని రోజులున్నాయి. కొన్నాళ్ళకు ఆ అబ్బాయి మాట మానేసి చెయ్యి మాత్రం ఎత్తడం మొదలుపెట్టాడు. టీచరు తలెత్తి చూడని రోజు ఆబ్సెంటు పడేది. లెక్కల్లో జవాబు తెలిసి కూడా "తెలీదు" అంటాడు, ఎందుకంటే "తెలీదు" అన్న మాట వాడికి ఆగకుండా వస్తుంది. బడి దృష్టిలో ఇప్పుడు వాడు చదువు రాని పిల్లవాడు. నోటి పరీక్షలో సున్నా, రాత పరీక్షలో తొంభైకి పైన. ఈ రెండూ ఒకే పిల్లవాడివని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

2. చెంపదెబ్బ. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీరు రాసినవాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మాలో ఒకామె మామగారు ఆ కార్యక్రమం చూశారు. మర్నాడు మనవడు ఏదో అడగబోయి ఆగిపోతే, వెనక నుంచి వచ్చి చెంప మీద గట్టిగా కొట్టారు. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. మనవడంటే ప్రాణం, రోజూ బడికి దింపి వచ్చేది ఆయనే. టీవీలో పోయింది కదా, ఇక్కడా పోతుందేమోనని చేశారు. నత్తి పోలేదు. పిల్లవాడు తాతగారితో మాట్లాడటం మానేశాడు. థెరపీలో ఎంతో కష్టపడి తెచ్చుకున్న ధైర్యం ఒక్క దెబ్బతో పోయింది. భయపెడితే నత్తి పోతుందన్నది ఎప్పటినుంచో ఉన్న అపోహ. నాలుక మీద వస రుద్దడం, నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని మాట్లాడించడం కూడా అలాంటివే. చిన్నపిల్లల నోట్లో రాళ్ళు పెడితే గొంతులో పడతాయి. ఇవన్నీ మీరు పుట్టించినవని మేం అనడం లేదు. చచ్చిపోవాల్సిన అపోహలకు వారం వారం మీరు ప్రాణం పోస్తున్నారని అంటున్నాం. వీటిని నమ్మి కూర్చున్న కుటుంబాలు పిల్లవాడికి మూడేళ్ళూ నాలుగేళ్ళూ ఉన్నప్పుడు, థెరపీ బాగా పనిచేసే వయసులో, రానే రావు. పదేళ్ళు దాటాక వస్తాయి.

3. మాట మార్చుకోవడం. నత్తి ఉన్న పిల్లలు తమకు కావాల్సింది అడగరు, నోటికి వచ్చేది అడుగుతారు. ఇడ్లీ ఇష్టమైనా, ఆ మాట ఆగుతుందేమోనని హోటల్లో వడ చెబుతారు. తల్లులకు తప్ప ఇది ఎవరికీ కనబడదు.

4. ఉద్యోగం, పెళ్ళి. మాలో ఇద్దరి పిల్లలు పెద్దవాళ్ళు. ఈ ఊళ్ళో ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడవునా కంపెనీలున్నాయి, ఇంటర్వ్యూ మొదలయ్యేది "మీ గురించి చెప్పండి" అని. అంటే ముందు పేరు చెప్పాలి. రాత పరీక్షలూ కోడింగ్ రౌండ్లూ దాటి వచ్చిన అబ్బాయి తన పేరు దగ్గర ఆగిపోతే, ఎదురుగా కూర్చున్నవారి మొహంలో నవ్వు కదులుతుంది. ఆ నవ్వు వాళ్ళకు ఎక్కడ నేర్పారో మాకు తెలుసు, మీకూ తెలుసు. ఆడపిల్లకు కష్టం ఇంకో రకం. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి చేత నాలుగు మాటలు మాట్లాడించండి" అంటారు. సంబంధాలవాళ్ళు వెళ్ళిపోయాక ఆ పిల్ల గదిలోంచి బయటికి రాదు.

5. మూడు భాషలు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లిష్ మాట్లాడాలి. మూడింటిలోనూ ఆగుతారు. తెలుగు పిల్లలు మీ పాత్ర పేరుతో ఏడిపిస్తే, తమిళ పిల్లలు "తిక్కువాయ్" అంటారు. తెలుగులో థెరపీ చేసేవారు ఈ ఊళ్ళో మాకు దొరకడమే గగనం, ఎక్కువగా తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో చేయించుకుంటున్నాం. ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. పెరంబూరు నుంచి అంత దూరం వెళ్ళి రావాలంటే రోజు కూలీవాళ్ళు ఆ రోజు జీతం వదులుకోవాలి. ఇంత ఖర్చూ శ్రమా పడి వారమంతా కట్టుకున్న ధైర్యాన్ని ఆదివారం రాత్రి అరగంట కార్యక్రమం కూలగొడుతోంది. డబ్బింగ్ రచయితలకు ఒక మాట. తమిళంలో మామూలుగా మాట్లాడే పాత్రకు తెలుగులో నవ్వు కోసం నత్తి తగిలించిన సినిమాలు మేం చూశాం. రెండు భాషలూ తెలిసిన ఇళ్ళలో అది దాగదు.

ఈ రకం హాస్యం మన దగ్గర మొదలైంది కాదు. 1935లో అమెరికాలో పోర్కీ పిగ్ అనే కార్టూన్ పాత్ర వచ్చింది. నత్తిగా మాట్లాడే పంది అది. దానికి మొదట గొంతు ఇచ్చిన జో డౌగర్టీకి నిజంగానే నత్తి ఉండేది. రికార్డింగులో ఆయన నత్తి అదుపులో ఉండటం లేదని 1937లో ఆయన్ని తప్పించి, నత్తిని నటించగల మెల్ బ్లాంక్‌ను పెట్టుకున్నారు. నత్తి కావాల్సి వచ్చింది, నత్తి ఉన్న మనిషి అక్కర్లేకపోయాడు. ఇన్నేళ్ళ తర్వాత మన తెలుగు తెర మీద కూడా నత్తి పాత్రలు కోకొల్లలు. నిజంగా నత్తి ఉన్న నటుడికి ఆ వేషమైనా ఇచ్చినవాళ్ళు మాకు కనబడలేదు.

అదే పాత్ర మంచికీ దారితీయవచ్చు. 1988లో వచ్చిన ఎ ఫిష్ కాల్డ్ వాండా అనే ఇంగ్లిష్ హాస్యచిత్రంలో మైకేల్ పేలిన్ నత్తి ఉన్న కెన్ అనే పాత్ర వేశారు. ఆయన తండ్రికి నత్తి ఉండేది. ఆ పాత్ర మీద విమర్శలూ వచ్చాయి. అయితే ఆయన అక్కడితో వదిలేయలేదు. 1993లో లండన్‌లో నత్తి ఉన్న పిల్లల కోసం మొదలైన కేంద్రానికి తన పేరు ఇచ్చి అండగా నిలిచారు. ఆ కేంద్రం ఈనాటికీ పిల్లలకు సాయం చేస్తోంది. పాత్రతో పేరు తెచ్చుకున్నవారు ఆ పాత్రలాంటి మనుషులకు ఏం బాకీ పడతారో మాకు అందులో కనబడింది.

మన తెలుగులోనూ మంచి ఉదాహరణలున్నాయి, వాటిని చూసి మేం గర్వపడతాం. 1986 నాటి సిరివెన్నెలలో కథానాయకుడికి చూపు లేదు, నాయికకు మాట లేదు. ఆ సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళు ఎవరూ వాళ్ళను ఎగతాళి చేయడం నేర్చుకోలేదు. 2018లో వచ్చిన రంగస్థలంలో చిట్టిబాబుకు వినికిడి లోపం. కథంతా దాని చుట్టూ తిరుగుతుంది. ఆ సినిమాలో నవ్వు కూడా ఉంది, కానీ చిట్టిబాబుకు ఊరుంది, అన్న ఉన్నాడు, పట్టుదల ఉంది, కోపం ఉంది. అతనితో కలిసి నవ్వుతాం. మేం హాస్యం వద్దనడం లేదు. మా పిల్లలు మామూలు పిల్లలకన్నా ఎక్కువ అల్లరి చేస్తారు, వాళ్ళ జోకులు వినే ఓపిక ఉన్నవాళ్ళకు కడుపుబ్బ నవ్వు వస్తుంది.

ఈ తేడానే సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఒక హిందీ సినిమాలో నత్తి ఉన్న మనిషిని ఇరుక్కుపోయిన క్యాసెట్ అనీ, చెవులు వినబడని మనిషిని సౌండ్‌ప్రూఫ్ అనీ అన్నారని కేసు వెళ్ళింది. 2024 జులై 8న అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలా తీర్పు ఇచ్చారు. వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవారిని కించపరిచే హాస్యం వేరని అందులో విడదీసి చెప్పారు. అపోహల మీద ఆధారపడి పాత్రలు రాయకూడదని, వైద్యపరమైన సమాచారం సరిచూసుకోవాలని, వారి గురించి రాసేటప్పుడు వారిని కూడా కలుపుకోవాలని, రచయితలకూ దర్శకులకూ నటులకూ ఈ విషయంలో శిక్షణ ఉండాలని మార్గదర్శకాలు పెట్టారు. అంతకు చాలా ముందే, 1991 నాటి సెన్సార్ మార్గదర్శకాల్లో శారీరక, మానసిక వైకల్యం ఉన్నవారిని హేళన చేసే దృశ్యాలు అనవసరంగా చూపకూడదని ఉంది. కొత్త చట్టం కోసం మేం అడగడం లేదు. ఉన్నవాటిని చదివి రాయమంటున్నాం.

మా కోరికలు ఇవి:

1. నత్తి ఉన్న మనిషిని కొడితే, భయపెడితే, పరిగెత్తిస్తే నత్తి పోయినట్టు చూపించడం ఇవాళే ఆపేయండి. ఇందులో బేరానికి తావు లేదు.

2. సదరు ఛానల్ ఆ పాత్ర పాత ముక్కల్ని యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల నుంచి తీసేయాలి. కార్యక్రమం ఆగినా ఆ ముక్కలు తిరుగుతూనే ఉంటాయి.

3. నత్తి ఉన్న పాత్ర రాస్తే దానికి ఒక పేరు, ఒక పని, ఒక కోరిక ఇవ్వండి. నత్తి తీసేస్తే పాత్రలో ఏమీ మిగలకపోతే దాన్ని రాయకండి. రాసే ముందు నత్తి ఉన్న ఒక మనిషితో, ఒక స్పీచ్ థెరపిస్టుతో కూర్చుని మాట్లాడండి. చెన్నైలో ఉన్నవారెవరు పిలిచినా మాలో ఎవరో ఒకరం వస్తాం, పైసా అక్కర్లేదు.

4. ఆ వేషానికి నత్తి ఉన్న నటులను పిలిచి చూడండి. అక్కడితో ఆగకుండా నత్తి గురించి కథలో ప్రస్తావనే లేని వేషాలకూ వాళ్ళను తీసుకోండి. ఒక బ్యాంకు మేనేజరు ఒకటి రెండు చోట్ల ఆగి మాట్లాడితే కథకు నష్టం రాదు.

5. డబ్బింగులో మూలంలో లేని నత్తిని చేర్చకండి.

6. ఛానళ్ళ యాజమాన్యాలకు: 2021 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ సవరణ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో పరిష్కరించి జవాబు చెప్పాలి. ఫిర్యాదులు చూసే అధికారి ఎవరో, ఎక్కడికి రాయాలో తెలుగులో, కార్యక్రమం మధ్యలో కనబడేలా వేయండి. మాలో కొందరు ఇంగ్లిష్‌లో ఫారం నింపలేక ఊరుకున్నారు.

7. రచయితల సంఘాలు అక్టోబరు 22న, అంతర్జాతీయ నత్తి అవగాహన దినం నాడు, కొత్తగా రాస్తున్నవాళ్ళకు ఒక పూట శిక్షణ పెట్టాలి.

చెన్నైలోని తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఇందులోనే ఒక విన్నపం. ఉగాదికీ సంక్రాంతికీ మన వేదికల మీద పిల్లల చేత టీవీ కార్యక్రమాల్ని అనుకరించే స్కిట్లు వేయిస్తున్నారు. పోయినసారి ఒక సభలో ఈ పాత్రనే వేయించారు. మాలో ఒకరు పిల్లవాడిని తీసుకుని మధ్యలో లేచి వచ్చేశారు. పరాయి ఊళ్ళో తెలుగు మాట వినడానికని పిల్లల్ని ఆ సభలకు తెస్తాం. స్కిట్ల స్క్రిప్టు ముందుగా ఒకరు చదివి చూడండి. మా పిల్లలకూ వేదిక మీద చోటివ్వండి. పద్యం పాడమంటే చక్కగా పాడతారు, అయితే పాడించి ఊరుకోకుండా మాట్లాడనివ్వండి, ఆగినప్పుడు మాట అందించకుండా వేచి ఉండండి.

ఈ లేఖ ప్రతిని ఆ ఛానల్‌కు మళ్ళీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఛానళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేస్తాం. దానికి కావాల్సిన ఎపిసోడ్ల తేదీలు, వీడియోల వివరాలు, మేం పంపిన ఉత్తరాల రసీదులు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇదే ఇబ్బంది పడుతున్న తెలుగు కుటుంబాలు బెంగళూరులోనో హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటే, ఎవరికి వారు తమ ఫిర్యాదు విడిగా పంపాలని కోరుతున్నాం.

ఇట్లు,
చెన్నైలోని కొందరు తెలుగు తల్లిదండ్రుల తరఫున,
ఒక తల్లి,
విల్లివాక్కం, చెన్నై